పుల్లమజ్జిగ పేపరు

గౌతమీతీర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ సుబ్రహ్మణ్యం గారికి ఆ ఏడాది సైటేషన్ అనే మాట పట్టుకుంది. ఆ ముందేడు పచ్చదనం పట్టుకుంటే క్యాంపస్ నిండా క్రోటన్ మొక్కలు వెలిశాయి. దానికి ముందేడు క్రమశిక్షణ పట్టుకుంటే లెక్చరర్లంతా మెడలో ఐడీ కార్డు తాళ్ళు వేసుకుని తిరిగారు. అవి పరవాలేదు, డబ్బు పెడితే దొరికేవి. సైటేషన్ అలాంటిది కాదు. మనం రాసిన పరిశోధనా వ్యాసాన్ని ఎక్కడో ఎవరో చదివి, తన వ్యాసంలో మన పేరు చెప్పుకోవాలి. అదీ సైటేషన్ అంటే. యూనివర్సిటీలకి గ్రేడు ఇచ్చే బృందం మరో మూడు నెలల్లో వస్తోంది. వాళ్ళు ముందు చూసేది అదేనని వీసీ గారికి ఎవరో హైదరాబాదులో చెప్పారు.

"మనవాళ్ళు పేపర్లు రాస్తున్నారు కదమ్మా, వాటిని ఎవరైనా చదువుతున్నారో లేదో చూసి చెప్పు" అని ఆయన శ్రీకళను పిలిచి చెప్పారు.

శ్రీకళ స్టాటిస్టిక్స్ చెప్తుంది. అమలాపురంలో వేదం చెప్పుకునే వాళ్ళ ఇంటి పిల్ల. వాళ్ళ తాతగారు శిష్యుడు ఒక్క స్వరం తప్పినా వేదంలో ఆ పనస మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పించేవారట. ఆ గుణం మనవరాలికి అంకెల్లో వచ్చింది. అందుకే ఆవిడకి ఎవరూ ఏ పనీ చెప్పరు, అందుకే ఆవిడ దగ్గర ఖాళీ ఉంటుందని వీసీ గారి నమ్మకం.

ఆవిడ వారం రోజులు కంప్యూటర్ ముందు కూర్చుంది. చూసినకొద్దీ నవ్వొచ్చింది. యూనివర్సిటీలో పేపర్లకి లోటు లేదు. వాటిని ప్రస్తావించినవాళ్ళకీ లోటు లేదు. కాకపోతే ప్రస్తావించినవాళ్ళంతా ఈ క్యాంపస్‌లోనే ఉన్నారు. భర్త పేపర్లో భార్య పేరు, భార్య పేపర్లో భర్త పేరు. సివిల్ వాళ్ళని మెకానికల్ వాళ్ళు, మెకానికల్ వాళ్ళని మళ్ళీ సివిల్ వాళ్ళు. శ్రావణమాసంలో ముత్తయిదువులు వాయనాలు ఇచ్చిపుచ్చుకున్నట్టుంది వ్యవహారం. సాయంత్రానికి ఎవరింటి శనగలు ఎవరింటికి చేరాయో తేలదు గాని, అందరి ఒళ్ళూ నిండుగానే ఉంటుంది.

ఒక్క పేపరు మాత్రం వేరేగా ఉంది. దాన్ని బయటివాళ్ళు ప్రస్తావించారు. కేరళవాళ్ళు, శ్రీలంకవాళ్ళు, మలేసియావాళ్ళు, బ్రెజిల్‌వాళ్ళు. అన్నీ కలిపితే మిగతా యూనివర్సిటీ మొత్తం మీద వచ్చినవాటికన్నా ఎక్కువ. రాసినాయన వ్యవసాయశాస్త్రం విభాగంలో పురుగుల పాఠం చెప్పే దుర్గారావు గారు.

శ్రీకళ ఆ మాట చెప్పగానే వీసీ గారు కుర్చీలోంచి లేచారు.

"మన దుర్గారావా? క్యాంటీన్లో ఉప్మా బాగాలేదని గొడవపెడతాడు, ఆ దుర్గారావేనా?"

"ఆయ్, ఆయనేనండి."

"బ్రెజిలా?"

"ఆయ్."

వీసీ గారు కిటికీలోంచి క్రోటన్ మొక్కల్ని కాసేపు చూశారు. "సన్మానం చేసేద్దాం. బృందం వచ్చిన రోజునే, వాళ్ళ ఎదురుగానే. ఉపన్యాసం నువ్వు రాసిపెట్టు."

* * *

కోనసీమ కొబ్బరితోటలకి తెల్లదోమ కొత్తగా వచ్చిన రోజుల్లో దుర్గారావు గారు ఆ పేపరు రాశారు. ఆకుల అడుగున సున్నం కొట్టినట్టు తెల్లగా పేరుకునేది ఆ దోమ. ఆకుల మీదేమో మసి పట్టేది. రైతులంతా గుండెలు బాదుకుంటుంటే ఈయన ఒక మందు కనిపెట్టారు. నాలుగురోజులు పులియబెట్టిన మజ్జిగలో పసుపు కలిపి ఆకుల అడుగున చల్లాలి. మురమళ్ళలో తన బావమరిది చిన్నబ్బాయి తోటలో, పొట్టి రకం చెట్లమీద ప్రయోగం చేశారు. మజ్జిగ చల్లిన చెట్లమీద దోమ నూటికి డెబ్బై పాళ్ళు పోయింది. చల్లని చెట్లమీద అలాగే ఉంది. ఆ సంగతి ఇంగ్లీషులో రాసి ఒక జర్నల్‌కి పంపితే వేశారు. తర్వాత ఆయన దాని సంగతే మర్చిపోయారు. ఆయనకి చెట్ల దగ్గర నిలబడటం ఇష్టం, కంప్యూటర్ దగ్గర కూర్చోవడం ఇష్టం లేదు.

సన్మానం కబురు చెప్పినరోజు ఆయన నమ్మలేదు. మర్నాటికి సగం నమ్మారు. ఆ వారం తిరిగేసరికి క్యాంటీన్లో ఉప్మా గురించి మాట్లాడటం మానేశారు.

"నిన్న బ్రెజిల్ మ్యాపు చూసేనండి, కొబ్బరి బానే ఉంటుందంట అక్కడ" అనేవారు, ఎవరూ అడక్కుండానే. "మజ్జిగ దొరుకుతుందో లేదో మరి పాపం."

ఆయన భార్య భవానీదేవి అమలాపురం వెళ్ళి పట్టుచీర కొనుక్కొచ్చింది. బంధువులందరికీ ఫోన్లు చేసింది. ఆత్రేయపురం పూతరేకులు ముందే చెప్పి ఉంచింది. గేటు దగ్గర ఫ్లెక్సీ కూడా లేచింది. దానిమీద దుర్గారావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు, వెనక భూగోళం తిరుగుతోంది, కింద "ప్రపంచం చదివిన కోనసీమ మేధావి" అని రాశారు.

ఇటు శ్రీకళ ఉపన్యాసం రాయడానికి కూర్చుంది. వట్టి అంకెలు చెప్తే బాగుండదు, ప్రపంచం ఏమని మెచ్చుకుందో నాలుగు మాటలు ఉటంకిద్దామని, ప్రస్తావించిన పేపర్లు ఒక్కొక్కటే తెరిచింది.

మొదటిది కేరళది. "దుర్గారావు చెప్పినట్టు మజ్జిగ పిచికారీ చేసి చూశాం. ఎటువంటి ఫలితమూ కనబడలేదు" అని ఉంది. పోనీలే ఒకళ్ళకి కుదరలేదనుకుంది. రెండోది శ్రీలంకది. "దుర్గారావు ఫలితాలు మాకు మళ్ళీ రాలేదు." మలేసియావాళ్ళు ఇంకొంచెం ముందుకెళ్ళి, మజ్జిగ వల్ల చెట్టుకి కొత్తగా చీమలు పట్టాయని రాశారు. బ్రెజిలాయన అయితే "నిరూపణ కాని ఇటువంటి పద్ధతులు (ఉదాహరణకి దుర్గారావు) రైతుల సమయం వృథా చేస్తాయి" అని కుండలీకరణాల్లో పెట్టి మరీ అన్నాడు. పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పే ఒక పాఠ్యపుస్తకంలో అధ్యాయం చివర అభ్యాసంలా కూడా ఇచ్చారు. "ఈ ప్రయోగంలో పొరపాటు ఎక్కడ జరిగి ఉండవచ్చు? చర్చించండి."

శ్రీకళ అన్నీ చదివింది. ప్రపంచం దుర్గారావు గారిని చదివిన మాట నిజమే. చదివినవాళ్ళంతా ఆయన చెప్పింది తప్పని చెప్పడానికే ఆయన పేరెత్తారు.

వీసీ గారి గదికి వెళ్ళి ఈ మాట చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తిట్టినా సైటేషన్ సైటేషనే కదమ్మా? లెక్కలోకి వస్తుందా, రాదా?"

"వస్తుందండి. లెక్కపెట్టే మిషనుకి పొగిడేరో తిట్టేరో తెలీదు."

"ఇంకేమమ్మా మరి!"

"బృందంలో ఎవరైనా చదివితేనండీ?"

"చదువుతారా?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "పాతికేళ్ళ సర్వీసులో నా పేపరు చదివినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదమ్మా నేను. నువ్వు అనవసరంగా కంగారుపడకు."

శ్రీకళ కంగారు బృందం గురించి కాదు. దుర్గారావు గారు శాలువా కప్పుకుని స్టేజి మీద బ్రెజిల్ సంగతి చెప్తుంటే, కింద కూర్చున్న ఎవరో ఒక కుర్రవాడు ఫోనులో ఆ పేపరు వెతికి పక్కవాడికి చూపించి నవ్వితే? ముందే ఆయన చెవిన వెయ్యడం మంచిదనుకుంది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి మామిడికుదురులో ఆయన ఇంటికి వెళ్ళింది.

* * *

వెళ్ళడం తేలికే. చెప్పడమే కుదర్లేదు. కాళ్ళు కడుక్కోగానే కొబ్బరిబొండం వచ్చింది. బొండం అవగానే పెసరట్లు వచ్చాయి. రెండో పెసరట్టు వద్దంటే భవానీదేవి ఒప్పుకోలేదు. తర్వాత పట్టుచీర తెచ్చి ఒళ్ళో పెట్టింది.

"అంచు మరీ పెద్దదైపోయిందా అమ్మా? స్టేజి మీదకి నన్నూ పిలుస్తారంట కదా."

"చాలా బావుంది పిన్నిగారూ" అంది శ్రీకళ, చేతికి తగిలిన అంచు సర్దుతూ.

దుర్గారావు గారు పడక్కుర్చీలో వెనక్కి వాలారు. "శ్రీకళమ్మా, ఆ పేపర్లన్నీ నువ్వు చదివేవంట కదా. ఒక్కటి చదివి వినిపించమ్మా. ఇంగ్లీషులో పొగిడితే ఎలాగుంటుందో మీ పిన్నిగారు కూడా వింటుంది."

శ్రీకళ ఫోను చేతిలోకి తీసుకుంది. "సార్, ఆ మాట చెప్దామనే వచ్చేనండి."

"ఇంకేం, చెప్పు మరి."

ఆవిడ కేరళ పేపరు తెరిచి ఆ రెండు వాక్యాలూ చదివింది. అబద్ధం చదవడం చేతకాలేదు.

భవానీదేవి భర్త మొహంలోకి చూసింది. "ఏమంటున్నారండీ?"

"కుదర్లేదంటున్నారు" అన్నారు దుర్గారావు గారు. "ఇంకోటి చదువమ్మా."

శ్రీకళ శ్రీలంకది చదివింది. తర్వాత మలేసియాది. చీమల మాట వచ్చేసరికి ఆయన పడక్కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. బ్రెజిల్‌ది ఆవిడ చదవబోతూ ఆగితే, "ఫర్వాలేదు, చదువు" అన్నారు. చదివింది. కుండలీకరణాలు కూడా వదల్లేదు.

"నన్ను కుండలీకరణాల్లో పెట్టేడా?"

"ఆయ్."

భవానీదేవి పట్టుచీర మడతపెట్టి లోపలికి తీసుకెళ్ళిపోయింది. అదే ఆయనకి అన్నిటికన్నా కష్టంగా తోచింది. తర్వాత ఒక్కసారిగా లేచారు.

"మలేసియావాడికి మజ్జిగంటే ఏం తెలుసమ్మా? వాళ్ళు తోడు పెట్టుకుంటారా? ప్యాకెట్లో పెరుగు నీళ్ళలో కలిపుంటాడు. నేను చల్లింది గేదె పెరుగు, కవ్వంతో చిలికింది! నా చేత్తో ఆకులు తిరగేసి లెక్కపెట్టేను. దోమ పోయింది. పోకుండా పోయిందని రాయడానికి నాకేం పని?"

"పోయింది కాబట్టే రాసేరండి. నాకు అనుమానం లేదు. కాని ఇంతమందికి ఎందుకు పోలేదు?"

ఆయన వరండాలో అటూ ఇటూ తిరిగారు.

"మళ్ళీ చేద్దాం" అన్నారు చివరికి. "అదే తోట, అదే మజ్జిగ. నువ్వే దగ్గరుండి చేయించు. అప్పుడు రాస్తాను బ్రెజిల్‌వాడికి."

* * *

చిన్నబ్బాయి తోట మురమళ్ళ ఊరి చివర, వాళ్ళ ఇంటిని ఆనుకునే ఉంటుంది. తోట అవతల చేపల చెరువు. మనిషి నెమ్మదస్తుడు. బావగారంటే భక్తి, భయం రెండూ ఉన్నవాడు. మజ్జిగ డ్రమ్ములు ఆటోలోంచి దిగుతుంటే చూసి అతని మొహం పాలిపోయింది.

"మళ్ళీ అదేనా బావగారూ?"

"అదేరా. ఏం?"

"ఏం లేదండి. బావుంటుందనీ..."

శ్రీకళ ఏ చెట్టుకి చల్లాలో ఏ చెట్టుకి వదిలెయ్యాలో చీటీలు తీసి నిర్ణయించింది. చల్లాల్సినవాటికి ఎర్ర రిబ్బను, వదిలెయ్యాల్సినవాటికి నీలం రిబ్బను కట్టించింది. లెక్కపెట్టేవాళ్ళకి ఏ రంగు ఏమిటో చెప్పలేదు. తోటలోకి మేకలు గానీ, మనుషులు గానీ రాకుండా ఎమ్మెస్సీ పిల్లల్ని వంతులవారీగా కాపలా పెట్టింది. దుర్గారావు గారు ఇవన్నీ చూసి, "మన చెట్లకి పెళ్ళి చేస్తున్నట్టుందమ్మా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆరోజు ఆయనకి నమ్మకం గట్టిగా ఉంది.

మజ్జిగ చల్లారు. ఆ వాసన గురించి పేపర్లో రాయలేదు గాని, రాసి ఉండాల్సింది. నాలుగురోజులు పులిసిన మజ్జిగ, పసుపు, దానిమీద ఎండ. పిల్లలు ముక్కులకి చేతిరుమాళ్ళు కట్టుకున్నారు. చిన్నబ్బాయి ఇంటివైపు కిటికీలన్నీ మూసుకున్నాయి. మధ్యాహ్నం చిన్నబ్బాయి ఒకసారి తోటలోకి వచ్చి, కాపలా కుర్రాళ్ళని చూసి, ఏదో అనబోయి మానేసి వెళ్ళిపోయాడు. సాయంత్రం మళ్ళీ వచ్చాడు. "మీరు రాత్రి కూడా ఇక్కడే ఉంటారా బాబూ?" అని అడిగాడు. ఉంటామన్నారు. నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

వారానికోసారి చొప్పున చల్లుతూ నెల దాటాక లెక్కపెట్టారు. ఎర్ర రిబ్బను చెట్లమీద దోమ ఎంతుందో నీలం రిబ్బను చెట్లమీదా అంతే ఉంది. ఎర్రవాటిమీద చీమలు కూడా ఉన్నాయి.

శ్రీకళ ఆ అంకెలు చూపించినప్పుడు దుర్గారావు గారు వాదించలేదు. తనే ఒక ఆకు వంచి అడుగున చూశారు. ఇంకో చెట్టు దగ్గరికి వెళ్ళి చూశారు. తర్వాత గట్టుమీద కండువా పరుచుకుని కూర్చున్నారు. ఎప్పుడూ గొంతు పెద్దదిగా ఉండే మనిషి, చెరువువైపు చూస్తూ నెమ్మదిగా అడిగారు.

"నాకు కళ్ళు కనబడలేదంటావా అమ్మా అప్పుడు?"

"కాదండి" అంది శ్రీకళ.

చిన్నబ్బాయి రెండు బొండాలు కొట్టి తెచ్చాడు. ఇచ్చాక వెళ్ళిపోలేదు, అక్కడే నిలబడ్డాడు. ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదకి బరువు మార్చుకున్నాడు.

"బావగారూ, ఓ మాటండి."

"ఏంట్రా?"

"మీరు కోప్పడకూడదండి."

"చెప్పు."

"అప్పుడూ... మొదటిసారి చల్లినప్పుడండి. ఆ వాసనకి ఇంట్లో అన్నం సయించలేదండి ఎవళ్ళకీ. మీ చెల్లాయి అప్పుడు నీళ్ళోసుకునుంది. వేవిళ్ళు. ఇంటికీ వాసన, మంచానికీ వాసన. పుట్టింటికి పోతానని కూర్చుంది. మీకు చెప్దామంటే మీరేమో పెద్ద పరిశోధనన్నారు. అందుకని..."

"అందుకని?"

"మీరు వెళ్ళిపోగానే చెరువు మోటారుకి పైపు తగిలించి, ఆ చెట్లన్నీ శుభ్రంగా కడిగించేసేవాణ్ణండి."

దుర్గారావు గారి చేతిలో బొండం అలాగే ఉండిపోయింది.

"అన్ని చెట్లూనా?"

"అబ్బే, వాసనున్నవేనండి. మిగతావాటితో నాకేం పని?"

"ఎన్నిసార్లు?"

"మీరు చల్లినప్పుడల్లానండి. ఆయ్. ఈసారీ కడుగుదామనే వచ్చేను. ఈ మేడంగారు పిల్లల్ని కాపలా పెట్టేరు కదండీ, కుదరలేదు."

శ్రీకళకి ఒక్కసారిగా నవ్వొచ్చింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కొబ్బరిచెట్టు చాటుకి వెళ్ళిపోయింది. దోమని మజ్జిగ చంపలేదు. చేపల చెరువు నీళ్ళు కడిగేశాయి. కేరళ నుంచి బ్రెజిల్ దాకా ఇంతమంది తలలు బద్దలు కొట్టుకున్నది చిన్నబ్బాయి గారి భార్య వేవిళ్ళ వల్ల.

దుర్గారావు గారు ఎర్రబడ్డారు. లేచారు. ఒక అడుగు బావమరిదివైపు వేశారు. చిన్నబ్బాయి రెండడుగులు వెనక్కి వేశాడు. అంతలో ఆయన మొహంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది.

"మోటారు ఎంత హార్స్‌పవర్‌రా?"

"ఐదండి."

"నీళ్ళు ఆకు అడుగునుంచి కొట్టేవా, పైనుంచా?"

"వాసన అడుగునే కదండీ ఉంది. అడుగునుంచే కొట్టేను."

"నడు" అన్నారాయన, కండువా దులుపుకుంటూ. "పైపు తియ్యి."

* * *

సంగతంతా విని వీసీ గారు గోడమీద క్యాలెండరువైపు చూశారు. ఫ్లెక్సీ గేటు దగ్గర ఉంది. బృందం వచ్చేది మరో పదిరోజుల్లో.

"సన్మానం మానేద్దామంటారా?" అన్నారు చివరికి, ఎవరో పోయినట్టు.

"మానొద్దండి" అన్నారు దుర్గారావు గారు. "మా ఆవిడ చీర కొనుక్కుంది. చెయ్యండి. కాని నేను అబద్ధం మాత్రం చెప్పను. ఎవరన్నా అడిగితే ఉన్నమాట చెప్తాను."

"ఎవరూ అడగరు" అన్నారు వీసీ గారు ధైర్యంగా.

అడిగారు. బృందానికి పెద్దగా వచ్చినావిడ ప్రొఫెసర్ కరుణ. బెంగళూరులో పనిచేస్తున్నా తెలుగావిడే. సెమినార్ హాల్లో శాలువా కప్పడం, పూలదండ వెయ్యడం, భవానీదేవిని స్టేజి మీదకి పిలవడం అన్నీ సవ్యంగా జరిగాయి. చీర అంచు స్టేజికి సరిపడానే ఉంది. మూడో వరసలో బంధువులంతా చప్పట్లు కొట్టారు. అప్పుడు కరుణ గారు మైకు అడిగి తీసుకున్నారు.

"పుల్లమజ్జిగ దుర్గారావు గారంటే మీరేనా?"

"ఆయ్, నేనేనండి."

"మిమ్మల్ని చూడాలని ఎప్పట్నుంచో ఉందండి."

వీసీ గారి మొహం వెలిగిపోయింది.

"మా పిల్లలకి మీ పేపరు ఏటా పరీక్షలో ఇస్తాను. ఇందులో పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పమని."

వీసీ గారి నవ్వు పోలేదు, కాని ఉన్నచోటే బిగిసిపోయింది.

"రకరకాలుగా రాస్తారు. వాన పడి ఉంటుందంటారు కొందరు. లెక్కపెట్టడం రాలేదంటారు. అంకెలు కల్పించేసి ఉంటారని రాసేవాళ్ళు కూడా ఉన్నారు. నాకు మాత్రం ఆ అంకెలు చూస్తే కల్పించినట్టు అనిపించవు. ఇన్నేళ్ళయినా నాకు జవాబు దొరకలేదు. మీకేమైనా తెలుసా?"

దుర్గారావు గారు మైకు దగ్గరికి వచ్చారు. కల్పించారన్న మాట ఆయనకి గట్టిగానే తగిలింది. గొంతు సవరించుకున్నారు.

"ఒక్క అంకె కూడా కల్పించలేదమ్మా. చూసిందే రాసేను. ఏం జరిగిందో మొన్ననే తెలిసింది. మా బావమరిది చెట్లు కడిగేసేడండి."

తన మాట వచ్చిందని మూడో వరసలో చిన్నబ్బాయి లేచి నిలబడి అందరికీ నమస్కారం పెట్టాడు. దాంతో హాలంతా ఒక్కసారిగా నవ్వింది. కరుణ గారు బల్లమీద తల ఆన్చి మరీ నవ్వారు. తర్వాత అతన్ని స్టేజి మీదకి పిలిపించి, మొదటినుంచి చివరిదాకా చెప్పించుకున్నారు. వేవిళ్ళ దగ్గర అతను సిగ్గుపడి ఆగిపోతే భవానీదేవి అందుకుని చెప్పింది. మళ్ళీ ప్రయోగం చేశామని, ఈసారి నీళ్ళధారకి దోమ నిజంగానే దిగిపోతోందని, ఆ అంకెలు కూడా ఉన్నాయని శ్రీకళ చెప్పినప్పుడు కరుణ గారు నవ్వు ఆపారు.

"సొంత పేపరు తప్పని మళ్ళీ ప్రయోగం చేసి తేల్చుకున్నవాళ్ళని చాలా తక్కువమందిని చూసేనండి" అన్నారు. "ఇది ప్రచురించండి."

ప్రచురించారు. గ్రేడు మాత్రం వీసీ గారు ఆశించినంత రాలేదు. అందులో దుర్గారావు గారి తప్పేం లేదు. సివిల్‌వాళ్ళూ మెకానికల్‌వాళ్ళూ వాయనాలు ఇచ్చిపుచ్చుకోవడం బృందం కనిపెట్టేసింది. దుర్గారావు గారూ శ్రీకళా కలిసి రాసిన కొత్త పేపర్లో, చివర కృతజ్ఞతల దగ్గర, చెట్లు కడిగిన చిన్నబ్బాయి గారికి ధన్యవాదాలు చెప్పారు. అతను ఆ పేజీకి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాడు. ఇంగ్లీషు రాని చుట్టాలకి ఇందులో బావగారు నన్ను పొగిడేరని చెప్తాడు. అది నిజమే.

నీళ్ళధార సంగతి ప్రపంచంలో కొందరికి అప్పటికే తెలుసునట. వాళ్ళ పేపర్లు వెతికి శ్రీకళ ఆ పేర్లు కూడా వేసింది. సంగతి పాతదే కాబట్టి కొత్త పేపరు పెద్దగా ఎవరూ ప్రస్తావించలేదు. పాత పేపరు మాత్రం, ఆ కథ నలుగురికీ పాకాక, ఇంకా ఎక్కువగా తిరుగుతోంది. ఆ లెక్క వీసీ గారు నెలనెలా అడిగి తెలుసుకుంటారు. దుర్గారావు గారు అడగరు. ఆయనకి ఇప్పుడు వేరే జబ్బు పట్టుకుంది. క్యాంటీన్లో ఎవరు కనబడినా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటారు.

"మీ ప్రయోగం జరిగేటప్పుడు అక్కడ ఇంకెవరన్నా ఉన్నారాండీ? బావమరుదులు గానీ?"

చాలామంది ప్రొఫెసర్లు టిఫిన్ ఇంటిదగ్గరే తినేసి వస్తున్నారు.

ఒకరోజు సాయంత్రం శ్రీకళ గది సర్దుకుంటుంటే తలుపు దగ్గర ఎవరో నిలబడ్డారు. కెమిస్ట్రీ చెప్పే జ్యోతిర్మయి గారు. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. శ్రీకళతో అంతకుముందు ఎప్పుడూ పది మాటలు మాట్లాడి ఉండరు. లోపలికి వచ్చి తలుపు దగ్గరగా వేశారు.

"శ్రీకళా, చాలా ఏళ్ళ క్రితం చెరువునీళ్ళ గురించి నేనొక పేపరు రాసేనమ్మా" అన్నారు నెమ్మదిగా. "దాని గురించి ఎవరైనా ఏమైనా అన్నారేమో, తిట్టినా ఫర్వాలేదు, ఒక్కసారి చూసి చెప్తావా?"

శ్రీకళ భుజానికి తగిలించుకున్న సంచీ దించి, కంప్యూటర్ మళ్ళీ ఆన్ చేసింది.

"కూర్చోండి మేడం. ఇద్దరం కలిసి చదువుదాం."